గడ్డి కట్ట లోపల ఏం జరుగుతుంది?

వరికోత యంత్రాలు వచ్చాక ఊళ్లలో గడ్డివాములు పలచబడ్డాయి. యంత్రం వదిలిన గడ్డి వరుసల మీదుగా ట్రాక్టరు వెనుక బేలరు సాగిపోతూ, ఒక్కొక్కటి సుమారు 15 నుంచి 20 కిలోలు తూగే గుండ్రటి కట్టలను చుట్టి పడేస్తుంది. మోయడానికి, లెక్కపెట్టి అమ్మడానికి, కొట్టంలో పేర్చడానికి ఇవి ఎంతో అనువు. చిక్కల్లా తేమతోనే, ఎందుకంటే వదులుగా వేసిన వాములోకి చొరబడినంత గాలి బిగించి చుట్టిన కట్టలోకి చొరబడదు.

కోసిన వెంటనే పచ్చిగా ఉండే గడ్డిలో సగానికి పైగా నీరే. అది 15 శాతం దగ్గరికి దిగాకే చుట్టించాలి. 20 శాతం దాటి ఉంటే బాక్టీరియా, బూజులు గడ్డిలోని పిండిపదార్థాలను తింటూ వేడి పుట్టిస్తాయి, ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. వేడి ముదిరితే చక్కెరలు మాంసకృత్తులతో కలిసిపోయి గడ్డి గోధుమరంగుకు తిరుగుతుంది, కాగిన బెల్లం పాకం వాసన వేస్తుంది. పశువులు ఆ గడ్డిని ఇష్టంగానే తింటాయి గానీ, అందులోని మాంసకృత్తులు వాటికి సరిగా అరగవు. పెద్ద నిల్వల్లో వేడి మరీ పెరిగితే గడ్డి తనంతట తానే అంటుకోవచ్చు. అందుకే చుట్టించే ముందు వరుస అడుగునుంచి గుప్పెడు గడ్డి తీసి మెలితిప్పి చూడాలి; పుటుక్కున విరగక సాగుతుంటే మరో ఎండ అవసరమన్నమాట.

కట్ట విప్పగానే బూడిదరంగు దుమ్ము లేచి ముక్క వాసన వస్తే ఆ భాగాన్ని పారేయడమే మేలు. కొన్ని బూజులు తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం పశువు శరీరంలో రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది, పాలు కాచినా పోదు. బూజుపట్టిన వరిగడ్డి మేసిన గేదెలకు చలికాలంలో తోక కొస, చెవుల అంచులు, గిట్టల పైభాగం కుళ్లి రాలిపోయే దెగ్నాలా వ్యాధి కూడా రావచ్చు.

గడ్డి ఎంత శుభ్రంగా ఉన్నా అది మంచి మేత అనుకోవడం పొరపాటు. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతం మించవు, పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే మేతలో సుమారు 7 శాతమైనా ఉండాలి. పైగా వరి ఆకులో ఇసుకకు మూలమైన సిలికా చాలా ఎక్కువ కాబట్టి, మిగతా పంటలకు భిన్నంగా వరిలో ఆకుకన్నా కాడే బాగా అరుగుతుంది. గడ్డి నెమ్మదిగా అరుగుతూ పొట్టలోనే నిలిచిపోతుంది గనుక కడుపు నిండినట్టు కనిపించే గేదె కూడా పాలు తగ్గిస్తుంది. పిల్లిపెసర, జనుము వంటి పచ్చిమేతను కలిపి పెడితే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

పచ్చిమేత దొరకని వేసవిలో యూరియాతో మాగవేయడం ఒక దారి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి, కట్టలు విప్పి పొరలుపొరలుగా చల్లి, గాలి దూరకుండా పాలిథిన్ పట్టాతో 3 వారాలు కప్పి ఉంచాలి. ఇంత తడిపినా బూజు పట్టకపోవడానికి కారణం యూరియా నుంచి వెలువడే అమ్మోనియా. గడ్డిలోని గట్టి పీచు బంధాలను సడలించేదీ అదే. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. 6 నెలలు నిండని దూడలకు మాత్రం పెట్టకూడదు.

ఏ గడ్డి వేసినా కట్టకు చుట్టిన తాడును ముందే కోసి, లెక్క చూసి తీసేయాలి. నైలాన్ తాడు పెద్ద పొట్టలో అరగదు, ముక్కలన్నీ ఉండచుట్టుకుని మేతకు అడ్డుపడతాయి.