‘రూల్ ఆఫ్ థంబ్’ వెనక బెత్తం కథ

‘రూల్ ఆఫ్ థంబ్’ అనకండి, అది పెళ్లాన్ని కొట్టే హక్కులోంచి పుట్టిన మాట అంటూ అప్పుడప్పుడూ గొడవ లేస్తుంటుంది. 2021లో అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి వాడకూడని మాటల జాబితాలో దీన్ని చేర్చినప్పుడూ ఇదే రచ్చ. అర్థం దగ్గర ఎవరికీ పేచీ లేదు. అనుభవం మీద వేసే ఉజ్జాయింపు లెక్క, మన ఆఫీసుల్లో తిరగేసి ‘థంబ్ రూల్’ అనేది.

ఈ తగువుకు అసలు మలుపు 1976. గృహహింసపై రాసిన పుస్తకంలో అమెరికన్ రచయిత్రి డెల్ మార్టిన్, బొటనవేలి కన్నా లావు కాని బెత్తంతో భర్త భార్యను కొట్టవచ్చన్న పాత సూత్రాన్ని ప్రస్తావించి, ఒకరకంగా ఇదీ రూల్ ఆఫ్ థంబే అని ఓ విసురు విసిరారు. అంతే, మాట అక్కడే పుట్టిందని ఆమె అనలేదు. 1982లో అమెరికా పౌరహక్కుల కమిషన్ తన నివేదికకు ‘అండర్ ద రూల్ ఆఫ్ థంబ్’ అని పేరు పెట్టేసరికి ఆ విసురు కాస్తా చరిత్రై కూర్చుంది.

కాదనేవాళ్ల దగ్గర ఆధారముంది. 1692లోనే కత్తిసాము గురువు విలియం హోప్ ఈ మాటను శాస్త్రం తెలియని అలవాటు పని అనే అర్థంలో వాడాడు. బెత్తం సూత్రం అన్నాడంటూ ఇంగ్లండ్ జడ్జి బుల్లర్‌ను వ్యంగ్య చిత్రకారుడు గిల్రే తన కార్టూన్‌లో ఏకేసింది ఆ తర్వాత తొంభై ఏళ్లకు, 1782లో.

మాట నిర్దోషే కావచ్చు. కోర్టులో బెత్తం మాత్రం కట్టుకథ కాదు. 1868లో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో ఒకడు భార్యను బెత్తంతో మూడు దెబ్బలు కొట్టాడు. బెత్తం వేలంత లావుంది, బొటనవేలంత లేదు. కింది కోర్టు ఆ కొలత చూసే వదిలేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు కొలత తప్పంది, బెత్తం లావు కాదు దెబ్బ ఫలితం చూడాలంది. అయినా చిన్నచిన్న ఇంటి గొడవల్లో తలదూర్చబోమని అతణ్ని వదిలేసింది.

భార్యను కొట్టే హక్కు ఎవడికీ లేదని అదే కోర్టు చెప్పింది 1874లో. బేకన్‌కు (ఉప్పు పట్టించిన పందిమాంసానికి) పురుగు పట్టిందని తాగొచ్చి రభస చేసి, రెండు బెత్తాలు కోసుకొచ్చి భార్యను కొట్టినవాడికి పడ్డ 10 డాలర్ల జరిమానాను ఖాయం చేసింది. ఆ తీర్పులోనే ఇంకో మాటా ఉంది: శాశ్వత గాయం, క్రూరత్వం లాంటివి లేకపోతే తెర దించేసి, మరిచిపోవడం, క్షమించుకోవడం వాళ్లకే వదిలేయడం మేలని.