క్యాన్సర్ పరిశోధన కోసం రన్ పెడుతున్నారా? ముందు క్యూఆర్ కోడ్ ఎవరి పేరుమీద ఉందో చూడండి

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో గానీ, అనంతపురం టవర్ క్లాక్ దగ్గర గానీ, కడప కోటిరెడ్డి సర్కిల్‌లో గానీ క్యాన్సర్ పరిశోధన పేరుతో స్టాల్ వేసి కూర్చుంటే పది నిమిషాల్లో ఒక మాట వినబడుతుంది: "లెక్క (డబ్బు) ఇస్తాం సరే, అది యాడికి పోతుందప్పా?" అడిగేవాళ్లది తప్పు కాదు. వాళ్లలో చాలామంది ఇంటి మనిషిని బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రికో, చెన్నై అడయార్ క్యాన్సర్ ఆస్పత్రికో తిప్పి అలసిపోయినవాళ్లు. రూపాయి విలువ, రోగం బాధ రెండూ తెలిసినవాళ్లు. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు లేకపోతే తప్పు నిర్వాహకులది.

అపోహ: "అందరి డబ్బూ ముందు నా ఫోన్‌పేకి వేయించుకుని, రన్ అయినాక ఒకేసారి పరిశోధన సంస్థకు కట్టేస్తా."

మంచి మనసుతో మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కుపోయేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. రసీదు సంగతి చూడండి. సంస్థకు డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్తే రసీదు వాళ్ల పేరునే వస్తుంది. 300 మంది తలా వెయ్యి మీకు వేస్తే, మీరు కట్టే 3 లక్షలకు దాత మీరొక్కరే. 80జి కింద ఆదాయపు పన్ను మినహాయింపు ఆశించి ఇచ్చిన 300 మందికీ అది పోయినట్టే. పైగా ఆ 3 లక్షలు మీ ఖాతాలోకి ఎందుకొచ్చాయో రేపు ఆదాయపు పన్నువాళ్లు అడిగితే లెక్క చెప్పాల్సింది మీరే.

బ్యాంకుతో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. సేవింగ్స్ ఖాతాలోకి రెండు రోజుల్లో వందల మంది కొత్తవాళ్ల నుంచి చిన్నచిన్న మొత్తాలు పడితే బ్యాంకుకు అనుమానం వస్తుంది. వాటిలో ఒక్కటి సైబర్ మోసం ఫిర్యాదులో ఉన్న ఖాతా నుంచి వచ్చినా చాలు, మీ ఖాతాను ఆపేయొచ్చు. ఫిర్యాదు వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి స్టేషన్‌తో ఉత్తరాలు నడపాలి. రేపు తెల్లవారితే రన్, ఈలోపు టీషర్టుల వాడికి కట్టాల్సిన డబ్బు అందులోనే ఉంటుంది.

చేయాల్సింది ఇది. రెండు నెలల ముందే సంస్థకు ఉత్తరం రాయండి. వాళ్ల లెటర్‌హెడ్ మీద అనుమతి పత్రం, 80జి ఆమోదం నంబరు, దాని గడువు, సంస్థ ఖాతాకు చెందిన క్యూఆర్ తెప్పించుకోండి. క్యూఆర్ చేతికొచ్చాక ఒక్క రూపాయి వేసి చూడండి. స్కాన్ చేయగానే తెరమీద సంస్థ పేరు రావాలి. మనిషి పేరు వస్తే ఫ్లెక్సీ ప్రింటుకు ఇవ్వొద్దు. రన్ రోజు పొద్దున ప్రతి స్టాల్‌లోనూ మళ్లీ స్కాన్ చేయాలి, ఎందుకంటే పైన వేరే స్టిక్కర్ అంటించిపోయే దొంగలున్నారు. దాతల జాబితాలో పేరు, పాన్, చిరునామా, మొత్తం, యూపీఐ లావాదేవీకి వచ్చే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉండాలి. వారానికోసారి ఆ జాబితాను సంస్థ అకౌంట్స్ వాళ్లకు పంపి సరిచూసుకోవాలి. దాతల వివరాలను సంస్థ ఆదాయపు పన్ను శాఖకు పంపడం 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి తప్పనిసరైంది. పాన్‌లో ఒక్క అక్షరం తప్పుపడితే దాతకు మినహాయింపు ఆగుతుంది. ఫోన్లో విని రాసుకుంటే బి, డి, పి తారుమారవుతాయి. కార్డు ఫొటో అడక్కుండా, నంబరు దాత చేతనే రాయించండి.

నగదు డబ్బా పెడితే సీలు వేసి, విప్పేటప్పుడు సంస్థ మనిషి ఒకరు, బయటి మనిషి ఒకరు ఉండి, లెక్క కాగితం మీద ఇద్దరూ సంతకం చేయాలి. 2,000 రూపాయలు దాటిన నగదుకు 80జి వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80జి మినహాయింపే లేదు. ఇది ముందే చెప్పండి, తర్వాత మాట పడకండి.

అపోహ: "ఎంట్రీ ఫీజంతా క్యాన్సర్‌కే పోతుంది."

కాగితం మీద వేసి చూద్దాం. 500 మంది, తలకు 400. మొత్తం 2 లక్షలు. టీషర్టు 170, మెడల్ 60, బిబ్ (ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం), పిన్నులు కలిపి 20, టిఫిన్ 60, నీళ్లు 15 అనుకుంటే తలకు 325. మిగిలేది 37,500. అంబులెన్సు, మైకు, షామియానా, మొబైల్ టాయిలెట్లు అందులోంచే. పరిశోధనకు చేరేది సున్నా. అందుకే ఖర్చులు స్పాన్సర్ భరించాలి, అదీ సరుకు ఇచ్చినవాళ్లకు నేరుగా కట్టాలి. విరాళం వేరే దారిలో పోవాలి. పోస్టర్ మీద "ఫీజు ఖర్చులకు, విరాళం వేరు" అని పెద్దక్షరాలతో రాయండి. కెనడాలో క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్న టెర్రీ ఫాక్స్, పరిశోధనకు విరాళాల కోసం 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఆయన పేరుతో జరిగే పరుగులకు ఎంట్రీ ఫీజు ఉండదు, ఇవ్వగలిగినంత ఇస్తారు. మన ఊళ్లకు సరిపోయే పద్ధతి అదే.

అపోహ: "పరిశోధనంటే ల్యాబుల్లో ఎలుకలు. మనకేం ఒరుగుతుంది?"

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో గడ్డ తీసే ముందు దాని చుట్టూ మామూలు మత్తు ఇంజక్షన్ లిడోకైన్ ఇస్తే ఏమవుతుందో ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వైద్యులు మన దేశంలోనే దాదాపు 1,600 మంది స్త్రీల మీద పరీక్షించారు. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు ఇంజక్షన్ ఇచ్చినవాళ్లలో 90.1 శాతం, ఇవ్వనివాళ్లలో 86.4 శాతం. 2023లో ప్రచురించారు. ఇంత చవక మందు మీద పరీక్షకు ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? ఇలాంటివాటికే ప్రజల విరాళం కావాలి.

అయితే ఒక హెచ్చరిక. పరిశోధన కోసమని వసూలు చేసింది పరిశోధనకే పోవాలి. రన్ రోజున ఒక తల్లి బిడ్డ ఫైలు పట్టుకుని వస్తుంది, చూసి మనసు ఆగదు. అయినా ఆ డబ్బా ముట్టుకోకూడదు. రోగుల సాయానికి మొదటినుంచీ వేరే నిధి, వేరే డబ్బా పెట్టండి. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) గురించి చెప్పగల మనిషిని ఒకరిని స్టాల్‌లో కూర్చోబెట్టండి. ఆ తల్లికి ఆ గంటలో ఎక్కువ పనికొచ్చేది అదే.

అపోహ: "అమెరికాలో ఉండే మనోళ్లు ఎవరైనా పంపొచ్చు."

చూడాల్సింది పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతలే. వాళ్ల డబ్బు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు ఉన్న సంస్థకు, దానికోసం ఢిల్లీలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే వెళ్లాలి. మామూలు క్యూఆర్‌కు వేయించారంటే చిక్కుల్లో పడేది సంస్థ.

"ఈ మెసేజ్ షేర్ చేస్తే పాపకు షేరుకు రూపాయి" అనేవి అబద్ధాలు. వాటి గురించి ఇంతకంటే చెప్పేది లేదు. దానం చేసిన జుట్టు విగ్గులకు పోతుంది, పరిశోధనకు కాదు.

అపోహ: "పోలీసు పర్మిషన్ ఒక్కటుంటే రోడ్డు మనదే."

ట్రాఫిక్ పోలీసులకు, మునిసిపాలిటీకి, దగ్గర్లోని ఆస్పత్రికి మూడు ఉత్తరాలూ కనీసం 15 రోజుల ముందు వెళ్లాలి. ఏ కూడలి ఎన్నింటికి మూసి ఎన్నింటికి వదులుతారో ఒక్క కాగితంలో ఉండాలి. హైవే ఎక్కే రూటు వద్దు. జనవరిలో మన దగ్గర సూర్యోదయం ఆరుంముక్కాలు ప్రాంతంలో. ఆరింటికే వదిలితే చీకట్లో స్పీడ్ బ్రేకర్లు కనబడవు. ముఖ్య అతిథి కోసం ఎనిమిది దాకా ఆపితే ఫిబ్రవరిలోనే ఎండ దెబ్బ మొదలవుతుంది. వచ్చినా రాకున్నా ఆరుంముక్కాలుకు వదిలేయండి. మార్చి నుంచి ఇక్కడ రన్ ఆలోచనే మానుకోండి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకు. వలంటీర్లు దాన్ని గ్లాసు నీళ్లలోనో, అర లీటరు సీసాలోనో పోసేస్తుంటారు. ఉప్పు ఎక్కువై వాంతులవుతాయి, దాహం ఇంకా పెరుగుతుంది. 20 లీటర్ల క్యానుకు 20 ప్యాకెట్లు లెక్కపెట్టి, ముందు రోజు కాకుండా అదే పొద్దున కలపండి.

అపోహ: "క్యాన్సర్ వచ్చినవాళ్లను రన్‌కు పిలవకూడదు, అంటుకుంటుంది."

క్యాన్సర్ గాలితోనో, తాకితేనో, పక్కన నడిస్తేనో అంటదు. జాగ్రత్త అవసరమైంది వాళ్లకు. కీమో అయిన వారం రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు తగ్గి ఉంటాయి, అప్పుడు గుంపులోకి రావచ్చో లేదో వాళ్ల డాక్టర్‌నే అడగమనండి. వచ్చేవాళ్లకు గుంపు కంటే పది నిమిషాలు ముందు, వేరే కిలోమీటరు లూప్ పెట్టండి. ప్రతి 200 మీటర్లకు నీడలో రెండు కుర్చీలు, ఒక నీళ్ల సీసా ఉంచండి. అడగకుండా ఫొటో తీయొద్దు, స్టేజీ ఎక్కించొద్దు. ఇంట్లో పిల్లల పెళ్లిళ్లు చెడతాయని రోగం సంగతి ఊళ్లో చెప్పుకోనివాళ్లుంటారు. బిబ్ మీద "విజేత" అని రాసే ముందు కూడా వాళ్లను ఒక మాట అడగండి.