దోమ వెళ్లాక మొరిగే కుక్కలు

ఒకే గది, ఒకే మంచం, ఒకే రాత్రి. పొద్దున లేచేసరికి నాలుగేళ్ల మనవరాలి కాళ్ల నిండా ఎర్రటి దద్దుర్లు. పక్కనే పడుకున్న తాత ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదు. "పిల్లది తీపి రక్తమనీ, మా మామగారిది చేదు రక్తమనీ ఇంట్లో అందరూ అంటున్నారు, నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

కాదండీ. దోమ మన రక్తం రుచి ముందే తెలుసుకుని రాదు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, చర్మం మీది వాసనలు పట్టుకుని వస్తుంది. ఈ వాసనలు ఒక్కొక్కరివి ఒక్కో రకం కాబట్టి కొందరిని ఎక్కువగా కుట్టే మాట నిజమే. కానీ ఈ తాతా మనవరాళ్ల విషయంలో నా అనుమానం వేరు. దోమలు ఇద్దర్నీ కుట్టే ఉంటాయి. తేడా ఉన్నది వాళ్ల ఒంట్లోని కాపలా కుక్కల్లో.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. దోమకాటు దురద సంగతంతా ఆ ఒక్క సామెతలోనే ఉంది.

ముందు దొంగను చూద్దాం. ఒకసారి నా ముంజేతి మీద వాలిన దోమను కొట్టకుండా, భూతద్దం పట్టుకుని చూస్తూ కూర్చున్నాను (మీరు చేయకండి, డెంగీ, మలేరియా లాంటివి సరదా కాదు). బయటికి కనిపించే ముక్కు లోపలికి దిగనే దిగదు. అది ఒర మాత్రమే, మోచేయిలా వెనక్కి మడత పడుతుంది. దిగేవి ఒరలో ఉన్న ఆరు సన్నటి సూదులు. వాటిలో రెండింటికి రంపపు పళ్లుంటాయి, ఒకటి రక్తం పీల్చే గొట్టం, ఇంకొకటి ఉమ్మి వదిలే గొట్టం. రెండు మూడు నిమిషాల్లో పొట్ట ఎర్రగా ఉబ్బింది, ఎగిరిపోయింది. తీసుకున్నదెంత? మూడు మైక్రోలీటర్లు అనుకోండి. ఒక చుక్క రక్తం కావాలంటే పదిహేను దోమలకు పైగా కుట్టాలి. అంత చిన్న దొంగతనానికి రెండు రోజుల గోల!

అప్పటికి నా చేతికి నొప్పీ లేదు, దురదా లేదు. ఎందుకంటే ఆ ఉమ్మి మామూలు ఉమ్మి కాదు. అందులో వందకు పైగా ప్రొటీన్లుంటాయి. ఎపిరేజ్ అనే ఎంజైమ్ ఏడీపీ అనే రసాయనపు అణువుల్ని విరగ్గొడుతుంది. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పిలుచుకునేది ఏడీపీతోనే కాబట్టి, పిలుపు అందక గుంపు కట్టవు, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. కొన్ని ప్రొటీన్లు రక్తనాళాల్ని వెడల్పు చేస్తాయి. నాకు బాగా నచ్చినవి డీ7 ప్రొటీన్లు. ఇవి మన ఒంట్లో దురద, వాపు తెప్పించే హిస్టమిన్, సెరటోనిన్ లాంటి రసాయనాల్ని పట్టుకుని కదలనివ్వవు. అంటే దొంగ కుక్కల నోరు కట్టేసి మరీ పని కానిస్తున్నాడు! బడిలో మా చేత దోమ బొమ్మ వేయించి భాగాలు గుర్తించమనేవారు, పది మార్కులు. ఈ నోరు కట్టే సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే జీవశాస్త్రం ఇంకాస్త ఇష్టంగా చదివేవాళ్లం.

ఇక కుక్కలు. చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి, వాటి నిండా హిస్టమిన్ సంచులు. దోమ ఉమ్మిని ఇదివరకు చూసిన ఒంట్లో దాన్ని గుర్తుపట్టే ఐజీఈ అనే రకం యాంటీబాడీలు తయారై, ఈ కణాల మీద కూర్చుని ఉంటాయి. ఉమ్మి ప్రొటీన్ వాటికి తగలగానే సంచులు పగులుతాయి. హిస్టమిన్ రక్తనాళాల్లోంచి నీరు ఊరేలా చేస్తుంది, దాంతో దద్దు లేస్తుంది. పక్కనున్న దురద నాడుల్నీ తడుతుంది. ఈ నాడులు మహా నిదానం, సెకనుకు అర మీటరు వేగం. చీలమండ దగ్గర పుట్టిన దురద వెన్నుపాము చేరడానికే రెండు సెకన్లు పడుతుంది. దద్దు బాగా ఉబ్బేది ఇరవై నిమిషాలకు. అప్పటికి దోమ ఏ గోడ మీదో కూర్చుని తిన్నది అరిగించుకుంటూ ఉంటుంది.

కొత్త కుక్కకు దొంగెవరో తెలియదు. 1946లో కెనెత్ మెల్లాన్‌బీ అనే బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త ఈ వరసను వర్ణించాడు. ఒక జాతి దోమ ఎన్నడూ కుట్టని మనిషికి మొదటి కాట్లకు ఏమీ కాదు. కొన్నాళ్లకు మర్నాడు దద్దు లేస్తుంది, అంటే ఆలస్యపు మొరుగు. తర్వాతి దశలో వెంటనే ఒకటి, మర్నాడు ఒకటి, రెండూ వస్తాయి. ఆపైన వెంటనే వచ్చేది మాత్రం మిగులుతుంది. చివరికి ఏళ్ల తరబడి కుట్టించుకున్నాక అదీ ఆగిపోతుంది. దొంగ రోజూ వచ్చేవాడే కదా అని కుక్క తోక కూడా ఆడించదు. మనవరాలు మూడో దశలో ఉంది, తాత అయిదో దశకు చేరాడు. చేదు రక్తం ఇదే! వేరే జాతి దోమలున్న చోటికి మారితే తాతగారి కుక్కలూ చాలావరకు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి.

మొరిగే కుక్కను కర్రతో కొడితే వీధంతా లేస్తుంది. గోకడం అదే. గోకితే చిన్న నొప్పి, ఆ నొప్పి దురదను కాసేపు అణుస్తుంది, హాయిగా ఉంటుంది. కానీ నొప్పిని తగ్గించడానికి మెదడు వదిలే సెరటోనిన్ దురద నాడుల్ని మరింత రెచ్చగొడుతుందని 2014లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. దద్దు మీద గోటితో ప్లస్ గుర్తు పెట్టడం కూడా గోకడమే, కాస్త జామెట్రీ కలిసిందంతే.

మరేం చేయాలి? సబ్బుతో కడిగి, ఐసును బట్టలో చుట్టి పది నిమిషాలు పెట్టండి. చల్లదనానికి నాడులు మందగిస్తాయి, నాళాలు ముడుచుకుంటాయి. కాలమిన్ లోషన్ రాయొచ్చు. సెట్రిజిన్ లాంటి మాత్ర కుక్కల్ని ఆపదు, మొరుగుడు వినపడకుండా చెవులు మూస్తుంది. హిస్టమిన్ కూర్చోవాల్సిన కుర్చీలో ముందే తాను కూర్చుంటుంది కాబట్టి ఆలస్యంగా వేసుకుంటే ఫలితం తక్కువ. చిన్నపిల్లలకైతే డాక్టర్ని అడక్కుండా వద్దు. వేడి చెంచా పెట్టే చిట్కాకు కొంత ఆధారముంది, 50 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్ల వేడి దురదను తగ్గిస్తుంది. కానీ చెంచా మీద థర్మామీటర్ ఉండదు, పిల్లల చర్మం కాలుతుంది. ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా చిట్కాలు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

దొంగను రానివ్వకపోవడం గురించి అందరికీ తెలిసినవి వదిలేస్తాను. నీళ్ల తొట్టి వారానికోసారి వంపితే చాలదు, లోపలి గోడలు రుద్దాలి. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు నీటి అంచున అతుక్కుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. ఫ్యాన్‌ను తక్కువగా చూడకండి. గాలికి ఎదురు ఎగరడం దోమకు కష్టం, పైగా మన ఊపిరి వాసన చెదిరిపోతుంది. దోమల్ని దూరం పెట్టే డీట్ అనే మందున్న క్రీముల్లో దాని శాతం పెరిగితే ఎక్కువ గంటలు పనిచేస్తుంది, అంతేగాని దోమ ఎక్కువ భయపడదు. రెండు నెలల లోపు పిల్లలకు రాయకూడదు. దోమల్ని తరుముతాయని అమ్మే అల్ట్రాసౌండ్ యంత్రాలు మాత్రం కొనకండి, పరీక్షల్లో దోమలు వాటిని పట్టించుకోలేదు.

అన్నట్టు, దోమతెర మనవరాలి మంచానికే కట్టారట, తాతకు అక్కర్లేదని. ఆయనకూ కట్టండి. దద్దు రాకపోయినా ఉమ్మి లోపలికి వెళ్తూనే ఉంది, దాంతోపాటు డెంగీ వైరస్ కూడా వెళ్లొచ్చు. తెర ఒంటికి తగలకుండా పరుపు కిందికి మడవండి, ఆనుకుని పడుకుంటే బయటి నుంచే కుడుతుంది.