పురిటి గంటలకు మాత్రం ఇన్సూరెన్స్ లేకపోయింది

ఆస్ట్రేలియాలో ఇంటి దగ్గర పురుడు పోసే మిడ్‌వైఫ్‌ల ఇన్సూరెన్స్ గొడవ పాతికేళ్ల నాటిది. మిడ్‌వైఫ్ అనగానే మన పాతకాలం మంత్రసానిని ఊహించుకోకండి, వీళ్లు చదువుకుని రిజిస్టర్ అయినవాళ్లే.

2001 మార్చిలో హెచ్‌ఐహెచ్ అనే పెద్ద బీమా కంపెనీ దివాలా తీసింది. బీమా మార్కెట్ బిగుసుకుపోయిన ఆ ఏడాదే సొంతంగా పనిచేసే మిడ్‌వైఫ్‌లకు, కాన్పులో తేడా వచ్చి కేసు పడితే పరిహారం భరించే పాలసీలు దొరకడం ఆగిపోయింది. కాన్పు కేసంటే కంపెనీలకు ఎందుకంత భయమంటే, అది ఎన్నేళ్లకు కోర్టుకెక్కుతుందో చెప్పలేం. 1979లో పుట్టి, కాన్పులో జరిగిన పొరపాటు వల్ల సెరిబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) పెరిగిన ఒకమ్మాయికి 2001 నవంబరులో న్యూ సౌత్ వేల్స్ కోర్టు దాదాపు 1.4 కోట్ల డాలర్లు ఇప్పించింది (అప్పీలులో కొంత తగ్గిందనుకోండి). ఆ కేసులో ప్రతివాది డాక్టరు, మిడ్‌వైఫ్ కాదు. కానీ అలాంటిది ఒక్కటి వస్తే కొద్ది వందల మంది కట్టే ప్రీమియాలు ఏ మూలకి? 2002లో డాక్టర్ల బీమా సంస్థ యూఎంపీ మునిగే స్థితికొస్తే ప్రభుత్వం వెంటనే అడ్డం పడి హామీ ఇచ్చింది. మిడ్‌వైఫ్‌ల విషయంలో ఆ తొందర కనిపించలేదు.

అయినా పాలసీ లేకుండానే పని చేసుకుంటూ వచ్చారు. అసలు చిక్కు 2009లో వచ్చింది, ఇన్సూరెన్స్ ఉంటేనే రిజిస్ట్రేషన్ అని కొత్త జాతీయ చట్టం రాబోతోంది, అమ్మేవాడేమో ఒక్కడూ లేడు! సెప్టెంబరు 7న కాన్‌బెర్రాలో పార్లమెంటు ముందు జోరు వానలో జనం వేలల్లో చేరారు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులతో సహా. అప్పటికి కొద్ది రోజుల ముందే ఆరోగ్య మంత్రి నికోలా రాక్సన్ ఇంటి కాన్పులకు తాత్కాలిక మినహాయింపు ప్రకటించారు. ఆ తాత్కాలికాన్నే ఏళ్ల తరబడి పొడిగిస్తూ పోయారు.

2010లో ప్రభుత్వం అండగా ఒక బీమా పథకం వచ్చింది. క్లెయిము లక్ష డాలర్లు దాటితే ఆ దాటినదాంట్లో 80 శాతం, 20 లక్షలు దాటితే ఆపైదంతా ప్రభుత్వానిదే. బాగానే ఉంది కదా? కానీ ఇంటి కాన్పును అందులో చేర్చలేదు. అంటే నెలలు నిండేదాకా చూసే చెకప్‌లకు బీమా ఉండేది, బిడ్డ పుట్టాక చూసే పనికీ ఉండేది, నొప్పులు మొదలైన దగ్గర్నుంచి కాన్పయ్యేదాకా ఉండే ఆ కొన్ని గంటలకే ఉండేది కాదు. ఆ మాట తల్లికి ముందే చెప్పి, తెలిసే ఒప్పుకున్నానని ఆమె చేత సంతకం పెట్టించుకోవాల్సి వచ్చేది.

గుర్తింపు కూడా అలా సగంసగమే దక్కింది. 2010 నవంబరు నుంచి మెడికేర్‌లో, అంటే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో, చోటిచ్చారు గానీ, డాక్టరుతో కలిసి పనిచేస్తున్నట్టు ఏర్పాటు చూపిస్తేనే. డాక్టరు కుదరదంటే అంతే సంగతులు. ఈ షరతు పోవడానికి 2024 నవంబరు దాకా పట్టింది.

అదే ఏడాది, రిస్క్ తక్కువున్న ఇంటి కాన్పులను కూడా పథకంలోకి తెస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మరి రిస్క్ తక్కువ అని తేల్చేదెవరు, మొదటిసారి సిజేరియన్ అయినావిడ ఈసారి ఇంట్లోనే కంటానంటే ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది ఇప్పుడు కొత్త పేచీ.