బాస్ చేప ఎరను కొరకదు, తాగేస్తుంది

టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకుడు ఆ మధ్య ఉత్తరం రాశారు. స్నేహితుల వెంట సరదాగా చెరువుల మీదికి వెళ్ళి, చివరికి లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి మంచినీటి చేపల పిచ్చిలో పడ్డారట. ఆయన బాధ ఇది: "నీటి మీద తేలే రబ్బరు కప్పను నాచు మీదికి విసురుతాను. బాస్ భళ్ళున లేచి కొడుతుంది. కళ్ళారా చూస్తాను. ఆ క్షణమే రాడ్ ఎత్తి గుంజుతాను. ఖాళీ కప్ప ఎగిరొచ్చి నా మొహాన పడుతుంది. గాలాలు మార్చాను, రంగులు మార్చాను. తప్పెక్కడుంది?"

తప్పు "కొడుతుంది" అనే మాటలోనే ఉంది. కుక్క ఎముకను కొరికినట్టు చేప ఎరను కొరుకుతుందని మన ఊహ. బాస్ అలా చెయ్యదు. ఎర చుట్టూ ఉన్న నీళ్ళను తాగుతుంది, ఆ నీళ్ళతోపాటు ఎర లోపలికి పోతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే రాడ్ ఎంపిక, లైన్ (గాలపు దారం) ఎంపిక, ఎప్పుడు గుంజాలి, పడవను ఎటు తిప్పి నిలపాలి, అన్నిటికీ దారి దొరుకుతుంది. ముడి ఎలా వెయ్యాలి, రీలు ఎలా తిప్పాలి వంటివి నేను చెప్పను. వాటికి వీడియోలు కోకొల్లలు.

ఒక పని చేసి చూడండి. కొవ్వొత్తి వెలిగించి, మూరెడు దూరం నుంచి ఊదండి. ఆరిపోతుంది. ఇప్పుడు అదే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పడానికి చూడండి. మంట కనీసం వంగను కూడా వంగదు. ఊదినా పీల్చినా కదిలే గాలి సుమారు ఒకటే, మరి ఈ తేడా ఎందుకు? ఊదినప్పుడు గాలి ఒక ధారగా కట్టి ముందుకు దూసుకుపోతుంది. పీల్చినప్పుడు ముందునుంచే కాక పక్కలనుంచీ, పైనుంచీ, కిందనుంచీ, అన్ని దిక్కులనుంచీ వస్తుంది. ఇన్ని వైపులనుంచి వచ్చేదానికి ఏ ఒక్క వైపూ వేగం ఉండదు. తరగతి గదిలో ద్రవగతిశాస్త్రం చెప్పేవాళ్ళు సమీకరణాలతో మొదలుపెట్టి పిల్లల్ని నిద్రపుచ్చుతారు. ఒక్క కొవ్వొత్తి తెచ్చుంటే సరిపోయేది.

బాస్ పరిస్థితీ ఇదే. కాస్త లెక్క వేద్దాం. చేప నోరు 5 సెం.మీ. వెడల్పు తెరిచిందనుకోండి. నోటి వైశాల్యం సుమారు 20 చదరపు సెం.మీ. నోటికి 5 సెం.మీ. దూరంలో ఒక గోళం ఊహించుకోండి. నోట్లోకి పోయే నీరంతా ఆ గోళం ఉపరితలం దాటి రావాలి. దాని వైశాల్యం 4 × 3.14 × 25, అంటే 314 చదరపు సెం.మీ. 20ని 314తో భాగిస్తే పదహారో వంతు. నోటి అంచు దగ్గర నీటి వేగం 100 అయితే, నోటి వెడల్పంత దూరంలో అది 6 మాత్రమే. 10 సెం.మీ. దూరంలో 2 కూడా కాదు. ఇది కాగితం మీద లెక్కే అయినా, బాస్‌కు దగ్గరి చుట్టమైన బ్లూగిల్ చేప ముందు నీటి వేగాన్ని ప్రయోగశాలలో కొలిచినప్పుడు నోటి వెడల్పంత దూరంలో దాదాపు 5 శాతమే వచ్చింది. అంటే చేప తాగగలిగేది తన నోటి ముందు ఒక చిన్న బంతి అంత నీటినే. ఎర ఆ బంతిలో ఉంటే దొరికినట్టు, లేకపోతే లేనట్టు.

ఆ గుటక ఎలా జరుగుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. ముందు దవడలు తెరుచుకుంటాయి, వెంటనే నోటి అడుగు కిందికి దిగుతుంది, ఆ వెనక మొప్పల తలుపులు పక్కలకు విచ్చుకుంటాయి. ముందునుంచి వెనక్కి ఒక అలలా సాగే ఈ పనంతా సుమారు 50 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లోమోషన్ పెడితే పన్నెండు ఫ్రేములకు మించి దొరకదు. నీళ్ళు నొక్కితే కుదించుకుపోవు, లాగితే సాగవు. అందుకే నోరు పెరిగినంతమేరా నీళ్ళు రాక తప్పదు. వెనక మొప్పల తలుపులు మొదట మూసుకునే ఉండి, నీరు వేగం అందుకున్నాక తెరుచుకుంటాయి. ముందే తెరుచుకుంటే నీళ్ళు దొడ్డిదారిన వచ్చేస్తాయి కదా.

ఇంత బలం ఆ తలలోంచే వస్తుందా? రాదు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు లార్జ్‌మౌత్ బాస్‌ను ఎక్స్‌రే వీడియోలు తీసి 2015లో ఫలితాలు ప్రచురించారు. గుటకకు కావలసిన శక్తిలో దాదాపు 95 శాతం ఈత కండరాలనుంచే వస్తోందని తేలింది. తోక ఊపడానికి అనుకున్న కండ తల పైభాగాన్ని వెనక్కి లేపుతుంది, నోటి అడుగును వెనక్కి గుంజుతుంది. చేప ఒళ్ళంతా కలిసి ఒక గుటక వేస్తుందన్నమాట.

పెద్ద నోరు ఉన్నంత మాత్రాన పీల్చే బలం ఎక్కువ కాదు. సన్న సిరంజీని, లావు సిరంజీని ఒకే బలంతో లాగి చూడండి. సన్నదాంట్లో ఒత్తిడి ఎక్కువ పడిపోతుంది. చిన్న నోటి బ్లూగిల్ సన్న సిరంజీ, లార్జ్‌మౌత్ లావుది. ఇది గట్టిగా పీల్చలేదు గానీ ఒకేసారి బోలెడు నీళ్ళు మింగుతుంది. తక్కువైన పీల్పును ఈతతో పూడ్చుకుంటుంది. ఎర మీదికి దూసుకొస్తూ నోరు తెరుస్తుంది.

ఇక పనిముట్ల దగ్గరికి వద్దాం. ఎర నీళ్ళతో పాటు కొట్టుకుపోవాలంటే దానికి స్వేచ్ఛ ఉండాలి. లైన్ బిగుసుకుని ఉంటే నీళ్ళు ఎర పక్కనుంచి జారి లోపలికి పోతాయి, ఎర బయటే నిలబడుతుంది. ఎర 6 సెం.మీ. లోపలికి పోవాలనుకోండి. ఆ 6 సెం.మీ. ఎక్కడినుంచో రావాలి. లైన్ వదులునుంచి, లైన్ సాగుడునుంచి, రాడ్ వంపునుంచి. నాలుగో దారి లేదు.

అడుగున మెల్లగా కదిలించే జిగ్‌లకూ (తలకు బరువు కట్టిన గాలాలు) రబ్బరు పురుగులకూ మొదటి దారి. ఎర కిందికి దిగేటప్పుడు లైన్‌ను పూర్తిగా బిగించకుండా, పూర్తిగా వదిలెయ్యకుండా, కొంచెం వంగి ఉండేలా రాడ్ చివరను ఎరతోపాటు కిందికి దించాలి. చేప తాగినప్పుడు చేతికి "టక్" మని ఒక చిన్న దెబ్బ తెలుస్తుంది, లేదా నీటి మీద లైన్ ఉలిక్కిపడుతుంది. అనుభవజ్ఞులు చేతికంటే కళ్ళనే ఎక్కువ నమ్మేది అందుకే. అక్కడినుంచి ఆలస్యం చెయ్యకూడదు. పీల్చినది తిండి కాదని తెలిస్తే చేప ఉమ్మేస్తుంది. ఉమ్మడమంటే ఊదడం, కొవ్వొత్తి గుర్తుందిగా. నోటి వెడల్పంత దూరం నుంచి మాత్రమే పీల్చగలిగిన చేప, ఉమ్మేటప్పుడు ధార కట్టి దూరంగా ఉమ్ముతుంది.

క్రాంక్‌బెయిట్ వంటి చేప ఆకారపు ఎరలది వేరే కథ. వాటిని ఆపకుండా రీలు తిప్పుతూ లాగాలి, కాబట్టి లైన్ ఎప్పుడూ బిగువే. ఇక్కడ వదులు రాడ్‌లోంచి రావాలి. రాడ్లు చేసే కార్బన్ పోగు దృఢత్వం 230 గిగాపాస్కల్స్ చుట్టుపక్కల ఉంటే, గాజు పోగుది 72 దగ్గర, అంటే మూడో వంతే. అందుకే క్రాంక్‌బెయిట్ వేసేవాళ్ళలో చాలామంది ఈ రోజుల్లో కూడా గ్లాస్ రాడ్ వదలరు. బరువైన పాత రకం రాడ్ అని నవ్వేవాళ్ళకు ఈ లెక్క చెప్పండి. అది నడుం దాకా వంగి చేపకు ఆ కాస్త సెంటీమీటర్లు అప్పిస్తుంది. ఈ ఎరలకుండే మూడు ముళ్ళ గాలాలు సన్నవి, వాటంతట అవే దిగుతాయి. గట్టిగా గుంజితే చేప పెదవి చీరి ఊడొస్తాయి. రీలు తిప్పుతూనే రాడ్‌ను పక్కకు తియ్యండి, చాలు.

లైన్ల సంగతికొస్తే, నైలాన్ తెగేలోపు 20 నుంచి 30 శాతం దాకా సాగుతుంది. 15 మీటర్ల నైలాన్ ఒక్క శాతం సాగినా 15 సెం.మీ. వదులు వచ్చినట్టే. పాలిథిలిన్ పోగులతో అల్లిన బ్రెయిడ్ లైన్ దాదాపు సాగదు. ఫ్లోరోకార్బన్ అనే ఇంకో రకం లైన్ సాగదని ఒక నమ్మకం ఉంది, తప్పు. అదీ బాగానే సాగుతుంది. దాని గొప్పతనం వేరే చోట ఉంది. వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం దానికి 1.42, నీటికి 1.33, నైలాన్‌కు 1.53 దరిదాపుల్లో. నీటికి దగ్గరగా ఉన్నది ఇదే. అందుకే నీళ్ళలో నైలాన్ కంటే తక్కువ కనిపిస్తుంది. నీటి సాంద్రత 1 అయితే దీనిది 1.78 కాబట్టి మునుగుతుంది. బ్రెయిడ్ 0.97, తేలుతుంది. తేలే కప్పకు మునిగే లైన్ కడితే ముక్కు కిందికి గుంజుతూ ఉంటుంది, కప్పకు బ్రెయిడే కట్టడానికి అదొక కారణం.

ఇప్పుడు ఆ కప్ప సంగతి. స్ట్రాకు చిల్లు పడితే ఎంత పీల్చినా పానీయం రాదు, గాలే వస్తుంది. నీటి ఉపరితలం దగ్గర బాస్ నోటికి పట్టే గతి సరిగ్గా అదే. నోరు పెరిగిన మేరకు నీటి బదులు గాలి దూరిపోతుంది. గాలి నీటికంటే సుమారు 800 రెట్లు తేలిక, అది కప్పను ఏం ఈడ్చుకుపోగలదు? అందుకని నీటి మీది ఎరను చేప చాలాసార్లు పూర్తిగా మింగలేదు, దవడల మధ్య పట్టుకుంటుంది. తర్వాత కిందికి దిగి, చుట్టూ నీళ్ళున్న చోట రెండో గుటక వేసి దాన్ని గొంతు వైపు జరుపుతుంది. మన పాఠకుడు గుంజేది ఈ రెండు గుటకల మధ్యన. కంటితో చూసి చెయ్యి కదిలించడానికి మనిషికి 200 మిల్లీసెకన్లు పడుతుంది. మొదటి గుటక అప్పటికే అయిపోయింది. ఎంత తొందరపడ్డా దాన్ని అందుకోలేరు, రెండోదాన్ని చెడగొట్టడం తప్ప. భళ్ళుమన్నప్పుడు రాడ్ దించండి, వదులుగా ఉన్న లైన్ చుట్టండి, చేప బరువు చేతికి తెలిశాక అప్పుడు ఒళ్ళంతా పెట్టి గుంజండి. ఇక్కడ సాగని బ్రెయిడ్, గట్టి రాడ్ కావాలి. కప్ప ఒంటికి ఆనుకుని ఉన్న ఆ లావు జంట గాలాలు కప్పను నలిపి మరీ బయటికొచ్చి దిగాలి కదా.

రంగుల మీద నాకు పెద్ద గౌరవం లేదు. లార్జ్‌మౌత్ కంటిలో రంగు చూసే కణాలు రెండే రకాలు. ఒకటి ఎరుపు వైపు, ఇంకొకటి ఆకుపచ్చ వైపు. నీలాన్నీ నలుపునూ అది వేరుగా పోల్చుకోలేదని ప్రయోగాలు చెబుతున్నాయి. పెట్టెనిండా నలభై రంగులు చేప కోసం కాదు, కొనేవాడి కోసం. పడవలో అరటిపండు ఉంటే చేప పడదనే నమ్మకం కూడా అమెరికాలో గాలం వేసేవాళ్ళలో గట్టిగానే ఉంది. 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టి ప్రపంచ రికార్డు పెట్టాడు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురీటా దానికంటే ఒక్క ఔన్సు బరువైనది పట్టాడు. పాతదాన్ని చెరపాలంటే రెండు ఔన్సుల తేడా ఉండాలన్న నిబంధన వల్ల రికార్డు ఇద్దరిదీ అయింది. 77 ఏళ్ళ రంగులూ రసాయనాలూ కలిపి ఒక్క ఔన్సు! కురీటా వేసిన ఎర ప్రాణమున్న బ్లూగిల్.

పడవ విషయంలో అందరూ వెనకున్న ఇంజన్ గురించి మాట్లాడతారు. నాకు ముందున్న చిన్న కరెంటు మోటారే ముఖ్యం. 1934లో నార్త్ డకోటాలో ఓ.జి. ష్మిట్ తయారుచేసిన రకం.  గాలి పడవను సెకనుకు అర మీటరు నెడితే పది సెకన్లలో 5 మీటర్లు. ఎరనుంచి దూరంగా నెడితే లైన్ బిగుస్తుంది, ఎర మీదికి నెడితే లైన్ బొత్తిగా జారిపోయి ఆ "టక్" తెలియదు. పైన చెప్పిన కొంచెం వదులు అనేది రెండు సందర్భాల్లోనూ గోవిందా. పడవ ముక్కు గాలికి ఎదురు పెట్టి, కాలి పెడల్‌తో మోటారును తక్కువ వేగంలో తిప్పుతూ ఉన్నచోటే నిలబెట్టండి. చేతులు రెండూ రాడ్‌కు మిగులుతాయి. పెద్ద ఇంజన్ వేసుకుని దూసుకుపోయేటప్పుడు మాత్రం మీరు పడిపోతే ఇంజన్ ఆపే తాడు ఒంటికి తగిలించుకోండి. 26 అడుగుల లోపు పడవలకు 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో అది చట్టం.

నీళ్ళు చల్లబడితే చేప కండరాలూ మందగిస్తాయి, దూసుకొచ్చే వేగమూ తగ్గుతుంది. ఎర వేగాన్ని ఆ మేరకు తగ్గించండి, ఆ బంతి అంత నీటిలో అది ఇంకాసేపు నిలవాలి.

పట్టిన బాస్‌ను తిరిగి వదిలే అలవాటును అమెరికాలో బాస్ పోటీలు నడిపిన రే స్కాట్ 1972 నుంచి తన పోటీల్లో ప్రచారం చేశాడు. వదిలేటప్పుడు ఒకటి గమనించండి. ఎరను తాగిన పంపే దాని ఊపిరి కూడా. అదే నోరు, అవే మొప్పల తలుపులు, కాకపోతే నెమ్మదిగా. బరువైన చేపను ఒక్క దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదీస్తే ఆ పంపు కీళ్ళ మీద బరువు పడుతుంది. రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఆడించకండి. వెనక్కి లాగితే నీళ్ళు మొప్పల్లోంచి తిరగబడి వస్తాయి. నిటారుగా పట్టుకుని ఊరికే ఉండండి. దవడ ఒకసారి తెరుచుకుంటుంది, మొప్ప విచ్చుకుంటుంది, మళ్ళీ మూసుకుంటుంది. నాలుగైదుసార్లు అలా చేశాక తోకతో మీ చెయ్యి తోసేసి పోతుంది.