పాత అమెరికన్ కౌబాయ్, కామెడీ సీరియళ్లు: ఒక ఎడిటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో టీవీ సీరియళ్లు ఎడిట్ చేయడం నా పని. పగలంతా అత్తాకోడళ్ల గొడవలు కట్ చేసి, రాత్రి ఇంటికొచ్చాక 1950లు, 60ల నాటి అమెరికన్ కౌబాయ్ ఎపిసోడ్ ఒకటో, కామెడీ ఒకటో చూసి పడుకోవడం చాలా ఏళ్లుగా అలవాటు. మొదట్లో కాలక్షేపానికే చూశాను. రానురాను అదీ పనిలో భాగమైపోయింది. వారం వారం ఎపిసోడ్ అందించాల్సిన వాళ్లు ఎక్కడ తిప్పలు పడ్డారో, ఎక్కడ సర్దుకున్నారో మా కళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఈ షోల ఊసెత్తితే చాలు, మా ఎడిట్ రూమ్‌లో కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఎన్నిసార్లని నోటితో చెప్పను, రాసి పెడుతున్నా.

అపోహ: కౌబాయ్ సీరియల్ అంటే చివర్లో హీరో టక్కున తుపాకీ తీసి విలన్‌ని కాల్చేయడమే

ఇలా అన్నవాళ్లకి ‘గన్‌స్మోక్’ మొట్టమొదటి ఎపిసోడ్ చూపిస్తాను. 1955 సెప్టెంబర్ 10న వచ్చింది. ఊరు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉన్న డాడ్జ్ సిటీ, హీరో అక్కడ శాంతిభద్రతలు చూసే అధికారి, అంటే మార్షల్, మ్యాట్ డిల్లన్. కథకు ముందు కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ తెర మీదకొచ్చి ఈ కొత్త సీరియల్‌ని స్వయంగా పరిచయం చేస్తాడు. అంత పెద్ద స్టార్ పరిచయం చేసిన హీరో కాసేపటికే డాన్ గ్రాట్ అనే హంతకుడి చేతిలో ఓడిపోతాడు. గ్రాట్ తుపాకీ ముందు పేలుతుంది, మ్యాట్ కూలిపోతాడు.

మంచాన పడ్డ మ్యాట్‌కి అప్పుడు ఒక సంగతి తడుతుంది. వీడు ఎప్పుడూ మనిషికి మరీ దగ్గరగా వచ్చాకే కాలుస్తున్నాడంటే, చెయ్యి వేగమే గానీ గురి అంతంతమాత్రం అన్నమాట. రెండోసారి వాణ్ని దగ్గరికి రానివ్వడు, దూరం నుంచే లెక్క తేల్చేస్తాడు. అర్ధగంట ఎపిసోడ్‌లో హీరోని ఓడించి, కారణం వెతికించి, మళ్లీ నిలబెట్టారు. మా సీరియల్లో ఇదే కథ మూడు వారాలు నడిచేది. అందులో రెండు వారాలు ఆస్పత్రి కారిడార్‌లోనే.

‘గన్‌స్మోక్’ అంతకుముందు 1952 నుంచి రేడియోలో వచ్చింది. తొలి ఏళ్ల టీవీ కథల్లో చాలావాటికి ఆ రేడియో స్క్రిప్టులే ఆధారం. వాటిలో ఎక్కువ రాసింది జాన్ మెస్టన్. రేడియోకి రాసిన చెయ్యి కాబట్టి ఒక్క డైలాగ్ కూడా ఊరికే ఉండదు. 1961లో ఎపిసోడ్‌ని గంటకు పెంచారు. మొత్తం 20 సీజన్లు, 635 ఎపిసోడ్లు. నా ఓటు మాత్రం అర్ధగంట వాటికే. గంట ఎపిసోడ్లలో మ్యాట్ పక్కకు జరిగి, ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్ల కథే నడిచే వారాలు ఎక్కువ. కొన్ని బాగుంటాయి, కొన్నిట్లో గుర్రం నడిచినంతసేపూ గుర్రాన్నే చూస్తూ కూర్చోవాలి.

అపోహ: హీరో అన్నాక ఏదో ఒకటి చేస్తూనే ఉండాలి

‘మావరిక్’ అనే మరో కౌబాయ్ సీరియల్‌లో 1958 నవంబర్‌లో వచ్చిన ‘షేడీ డీల్ ఎట్ సన్నీ ఎకర్స్’ అనే ఎపిసోడ్ ఉంది. పేకాటలో గెలిచిన 15 వేల డాలర్లను బ్రెట్ మావరిక్ రాత్రిపూట బ్యాంకర్‌కి అప్పగిస్తాడు. పొద్దున వెళ్లి అడిగితే ‘నువ్వెవరో నాకు తెలీదు’ అంటాడు బ్యాంకర్. రెండు వారాల్లో నా డబ్బు రాబడతానని బ్రెట్ నలుగురి ముందూ చెప్పి, బ్యాంకు ఎదురుగా కుర్చీ వేసుకుని కర్రముక్క చెక్కుతూ కూర్చుంటాడు. అంతే. ఎపిసోడంతా అదే కుర్చీ! ఊరంతా నవ్వుతుంటే, ‘ఆ పనిమీదే ఉన్నా’ అంటాడు. ఆ లోపల తమ్ముడు బార్ట్, మరికొందరు నేస్తాలు కలిసి బ్యాంకర్‌కి మెల్లగా గొయ్యి తవ్వుతుంటారు. ఇన్నేళ్లలో నేను చూసిన కౌబాయ్ ఎపిసోడ్లన్నిట్లో దీన్ని మించింది లేదు. వాదించేవాళ్లు ఉంటే రావచ్చు, టీ నాదే.

అసలు ఇద్దరు అన్నదమ్ములు ఎందుకు అంటారా? కథ కోసం కాదు. ఒక్కో ఎపిసోడ్ షూటింగ్‌కి వారం కంటే ఎక్కువ పడుతోంది, ప్రసారమేమో వారానికొకటి. బ్రెట్ వేషం వేసిన జేమ్స్ గార్నర్ ఒక్కడితో లెక్క కుదరక, జాక్ కెల్లీని తమ్ముడు బార్ట్‌గా తెచ్చి రెండు యూనిట్లు నడిపారు. చేతిలో ఎపిసోడ్లు అయిపోతే పడే టెన్షన్ ఎలాంటిదో మా ఫీల్డ్‌లో అందరికీ తెలుసు. మేమైతే హీరోయిన్‌కి కవల అక్కని పుట్టిస్తాం.

అపోహ: అప్పట్లో కలర్ లేదు కాబట్టే బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు

‘బొనాంజా’ అనే కౌబాయ్ సీరియల్ 1959లో మొదలైన రోజు నుంచీ కలరే. ఎన్‌బీసీ ఛానెల్ సొంతదారు ఆర్‌సీఏ కంపెనీ కలర్ టీవీలు తయారుచేసి అమ్మేది. టీవీలు అమ్ముడుపోవాలంటే కలర్‌లో చూడదగ్గది ఏదో ఒకటి ఉండాలిగా. ‘గన్‌స్మోక్’ 1966 దాకా కలర్‌లోకి మారలేదు. మరో తమాషా, ‘బొనాంజా’లో తండ్రి వేషం వేసిన లోర్న్ గ్రీన్, ఇద్దరు పెద్ద కొడుకుల వేషాలు వేసిన నటుల కంటే నిజంగా పెద్దవాడు పదమూడేళ్లే. మన సినిమాలు చూసిన వాళ్లకి ఇది పెద్ద వింతేమీ కాదు.

అపోహ: ఆ కామెడీల్లో వినిపించే నవ్వులన్నీ డబ్బా నవ్వులే

కొన్ని డబ్బావే, అంటే ముందే రికార్డు చేసి పెట్టుకుని తర్వాత అతికించినవే. చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీర్ 1950ల్లో ఒక పెట్టె తయారుచేశాడు. మీట నొక్కితే చిరునవ్వు, ఇంకోటి నొక్కితే పగలబడి నవ్వు. చాలా షోలు ఆయన్నే పిలిపించుకునేవి. ‘ఐ లవ్ లూసీ’ నవ్వులు మాత్రం అలా వచ్చినవి కావు. 1951 నుంచి 1957 దాకా దాన్ని ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో ఒకేసారి 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. కెమెరా పని చూసింది జర్మనీలో ‘మెట్రోపోలిస్’ సినిమా తీసినవాళ్లలో ఒకరైన కార్ల్ ఫ్రాయిండ్. మూడు కెమెరాలకూ పనికొచ్చేలా లైటింగ్ చేయడం ఎంత తలనొప్పో మల్టీకామ్ (ఒకే సీన్‌ని ఒకేసారి చాలా కెమెరాలతో తీయడం) చేసినవాళ్లని అడగండి.

నవ్వు నిజమైందని ఎడిటర్‌కి ఎలా తెలుస్తుందంటే, ఎదురుగా నవ్వు తగ్గేదాకా నటులు ఆగుతారు. 1952లో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడ్ చూడండి. బెల్ట్ మీద చాక్లెట్లు వస్తుంటే లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ కాగితం చుట్టి పంపాలి. ఒక్కటి తప్పినా ఉద్యోగం పోతుంది. వేగం పెరిగేకొద్దీ నోట్లో, టోపీలో, జాకెట్లో కుక్కేస్తుంటారు. సూపర్‌వైజర్ వచ్చి చూస్తుంది, బెల్ట్ మీద ఒక్క చాక్లెట్ లేదు. శభాష్ అనుకుని, ‘ఇంకాస్త స్పీడు పెంచండి’ అని అరుస్తుంది. ఆ సీన్‌లో చాలాసేపు ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో ఉంటారు. కట్ చేయాల్సిన చోట చేయకుండా వదిలేయడం నేర్చుకోవాలంటే ఇదే పాఠం. మా అమ్మకి ఇంగ్లిష్ ముక్క రాదు, ఆ సీన్‌కి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

‘మ్యాష్’ సంగతి వేరు. కొరియా యుద్ధంలో అమెరికన్ మిలటరీ ఆస్పత్రి కథ అది. తీసినవాళ్లకి నవ్వుల ట్రాక్ ఇష్టం లేదు, ఛానెల్ ఒప్పుకోలేదు. చివరికి ఆపరేషన్ థియేటర్ సీన్లలో మాత్రం నవ్వు వేయకూడదని రాజీ కుదిరింది. బ్రిటన్‌లో బీబీసీ నవ్వుల్లేకుండానే ప్రసారం చేసింది. డీవీడీల్లో నవ్వు ఆపేసి చూసే వీలుంది. రెండు రకాలుగానూ చూశాను. నవ్వు తీసేస్తే అదే డైలాగ్‌లో జోక్ పోయి, అలసిపోయిన డాక్టర్ల చిరాకు మిగులుతుంది. అదే అసలు షో అని నా అభిప్రాయం.

అపోహ: మనం చూసే కాపీ అప్పట్లో ప్రసారమైనదే

ఈ ఒక్కటి తెలుసుకుంటే చాలు, సగం తగువులు తీరిపోతాయి. అప్పట్లో అర్ధగంట షోలో కథ సుమారు 25, 26 నిమిషాలు ఉండేది. తర్వాత ప్రకటనలు పెరిగాయి. మళ్లీ ప్రసారం చేసినప్పుడల్లా మూడు నాలుగు నిమిషాలు కోసేశారు. అంత తీయాలంటే ఎవరైనా ముందు తీసేది కథకు ‘అవసరం లేని’ సీనే. కామెడీలో అలాంటి సీన్లలోనే తర్వాతి నవ్వుకి మందు కూరి ఉంటుంది.

ఈ పాపం నేనూ చేశాను. ఒక ఛానెల్‌లో పనిచేసేటప్పుడు పాత తెలుగు కామెడీ సీరియల్ ఒకటి మళ్లీ వేస్తూ, ఎపిసోడ్‌కి నాలుగు నిమిషాలు తగ్గించమన్నారు. రాత్రి రెండింటికి నిద్రమత్తులో, బామ్మ బీరువా తాళాలను బియ్యం డబ్బాలో దాచే సీన్ లేపేశాను. మర్నాడు మా మేనమామ ఫోన్ చేసి, ‘ఒరేయ్, అన్నంలోకి తాళాలెలా వచ్చాయిరా?’ అన్నాడు. ఆయన నవ్వలేదు. ఎవరూ నవ్వి ఉండరు.

ఇంకో రకం కోత ఉంది. దాదాపు నలుచదరంగా ఉండే పాత ఫ్రేమ్‌ని ఇప్పటి వెడల్పాటి టీవీకి సరిపెట్టడానికి పైనా కిందా కోస్తారు. కౌబాయ్ షోలో మొదట పోయేది టోపీ. ఆ తర్వాత తుపాకీ మీద చెయ్యి.

అపోహ: ఎవరూ చూడక ఆగిపోయాయి

1958-59 సీజన్‌లో అమెరికాలో ఎక్కువమంది చూసిన పది షోల్లో ఏడు కౌబాయ్‌లే. అంత మోజు నిలవదు, నిజమే. కానీ 1971లో సీబీఎస్ ఛానెల్ ‘బెవర్లీ హిల్‌బిల్లీస్’, ‘గ్రీన్ ఏకర్స్’ లాంటి పల్లె కామెడీలను ఒక్కసారిగా తీసేసింది చూసేవాళ్లు లేక కాదు. చూసేవాళ్లలో పెద్ద వయసువాళ్లు, పల్లెటూళ్లవాళ్లు ఎక్కువ, ప్రకటనదారులకేమో పట్నం కుర్రకారు కావాలి. ‘గన్‌స్మోక్’నీ 1967లో ఆపేయబోతే, సీబీఎస్ అధిపతి విలియం పేలీ అడ్డుపడ్డాడు. దానికి చోటు చేయడానికి ‘గిలిగన్స్ ఐలాండ్’ అనే కామెడీ సీరియల్‌ని బలిపెట్టారు. ‘గన్‌స్మోక్’ ఆ తర్వాత మరో ఎనిమిదేళ్లు నడిచింది.

అపోహ: మొదటి ఎపిసోడ్ నుంచి వరుసగా చూడాలి

అక్కర్లేదు. ఒక వారం చూడలేకపోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియని రోజులవి. అందుకే ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడ్ పూర్తవుతుంది. పైన చెప్పిన మూడు ఎపిసోడ్లకి (‘గన్‌స్మోక్’ మొదటిది, ‘మావరిక్’ కుర్చీ, లూసీ చాక్లెట్లు) తోడు ‘ఆండీ గ్రిఫిత్ షో’ అనే కామెడీలో 1963 నాటి ‘ఓపీ ద బర్డ్‌మ్యాన్’ చూడండి. పిల్లాడు ఉండేలుతో పొరపాటున తల్లిపిట్టను చంపేస్తాడు. తండ్రి కొట్టడు, తిట్టడు. కిటికీ తెరిచి, అమ్మ కోసం అరుస్తున్న మూడు పిల్లల గొంతులు వినమంటాడు. అక్కడ బీజీఎం వేసి ఏడిపించాలని నా చేతులు దురద పెడతాయి. వాళ్లు ఆ కూతలనే విననిచ్చారు.

చూసేముందు నిడివి ఒకసారి చూసుకోండి. అర్ధగంట షో అయితే 25 నిమిషాలు, గంట షో అయితే 48 దాటాలి. 44 దగ్గరే ఆగిపోతే ఇంకో కాపీ వెతుక్కోండి. నాలాంటివాడెవడో తాళాల సీన్ లేపేసి ఉంటాడు.