తక్కువ ధర ఎక్కడి నుంచి వచ్చింది? కిరాణా కొట్టు నుంచి డిస్కౌంట్ సూపర్‌మార్కెట్ దాకా

డిస్కౌంట్ సూపర్‌మార్కెట్‌లో సరుకు చవగ్గా కనిపిస్తే రెండు అనుమానాలు వస్తాయి. సరుకు నాసిరకమైనా అయ్యుండాలి, లేదా వాళ్లు లాభం బాగా తగ్గించుకునైనా అమ్ముతుండాలి. రెండిట్లోనూ కొంత నిజం ఉంది గానీ అసలు సంగతి వేరు. ఒకప్పుడు కొట్టువాడు చేసిన పనులను ఒక్కొక్కటిగా ఎత్తేస్తూ, కొన్నిటిని కొనేవాడి మీదికి, కొన్నిటిని తయారీదారు మీదికి నెట్టడం వల్ల ఆ ధర దిగివచ్చింది. ఏ పని ఎప్పుడు, ఎందుకు పోయిందో చూస్తే ఏ సరుకు ఎక్కడ కొనాలో తేల్చుకోవడం తేలికవుతుంది.

పాత కొట్టులో సరుకంతా కౌంటర్ వెనకే ఉండేది. చీటీ ఇస్తే గుమాస్తా బస్తాలోంచో పీపాలోంచో తీసి, తూచి, పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఖాతాలో రాసుకునేవాడు, అవసరమైతే ఇంటికి పంపేవాడు. ఈ సేవలేవీ ఉచితం కాదు. గుమాస్తాల జీతాలు, బండి ఖర్చు, అరువు మీద వడ్డీ, వసూలు కాని మొండి బాకీలు అన్నీ కలిసి ధరలో చేరేవి. నగదు ఇచ్చేవాడు కూడా బాకీ ఎగ్గొట్టినవాడి భారాన్ని మోయాల్సి వచ్చేది. తూకంలో మోసం, కల్తీ దీనికి అదనం. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది కార్మికులు సొంతంగా సహకార దుకాణం తెరిచినప్పుడు పెట్టుకున్న నియమాలు చూస్తే వాళ్ల బాధ ఏమిటో తెలుస్తుంది: కల్తీ లేని సరుకు, సరైన తూకం, నగదుకే అమ్మకం, మిగులును ఎవరి కొనుగోళ్లను బట్టి వారికి పంచడం. అరువు ఆపితే ధర దిగుతుందన్న లెక్క అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికాలో ఏ అండ్ పీ అనే కిరాణా గొలుసు దుకాణాల సంస్థ 1912లో ‘ఎకానమీ స్టోర్లు’ తెరిచి అరువునీ ఇంటికి చేరవేయడాన్నీ ఆపేసింది. గుమాస్తా మాత్రం అలాగే ఉన్నాడు. అతన్ని పక్కకు తప్పించింది క్లారెన్స్ సాండర్స్. 1916 సెప్టెంబరులో మెంఫిస్‌లో ఆయన తెరిచిన పిగ్లీ విగ్లీ అనే దుకాణంలో కొనేవాళ్లు తిరిగే గేటు గుండా లోపలికి వెళ్లి, బుట్ట పట్టుకుని, అరల మధ్య ఒకే దారిలో నడుస్తూ, చివర డబ్బు కట్టి బయటపడాలి. ఆ దారికి ఆయన 1917లో పేటెంటు కూడా పొందాడు. మధ్యలో వెనక్కి తిరిగే వీలు లేదు, కాబట్టి కొట్టులోని ప్రతి సరుకూ కంటపడుతుంది. ఇది కుదరాలంటే సరుకు ముందే తూచి, మూసి, పేరూ ధరా వేసి ఉండాలి. అంటే తూకం, పొట్లం ఫ్యాక్టరీకి వెళ్లాయి. వెతకడం, తీయడం, మోయడం కొనేవాడికి వచ్చాయి. ‘ఇది మంచిది, తీసుకోండి’ అని చెప్పే గుమాస్తా పోయాక ఆ పనిని డబ్బా మీది బ్రాండు పేరు అందుకుంది. పేరున్న బ్రాండ్లు అంత బలపడటానికి ఇదొక కారణం.

ధరల లెక్కను తిరగరాసింది మైఖేల్ కలెన్. క్రోగర్ అనే కిరాణా దుకాణాల సంస్థలో పనిచేస్తుండగా పైఅధికారులకు ఆయన రాసిన ఉత్తరం చిల్లర వ్యాపార చరిత్రలో చాలా పేరున్నది. 300 రకాలు కొన్న ధరకే, 200 రకాలు 5 శాతం పైన, 300 రకాలు 15 శాతం పైన, మరో 300 రకాలు 20 శాతం పైన అమ్మాలన్నది ఆయన ప్రతిపాదన. రకాల మీద సగటు తీస్తే పెంపు సుమారు 10.5 శాతం. జనం ఎక్కువగా కొనేవి, ధర గుర్తుండేవి మొదటి 300లోనే ఉంటాయి కాబట్టి అమ్మకాల మీద చూస్తే అది ఇంకా తక్కువే. ఆ సంస్థ పట్టించుకోలేదు. కలెన్ బయటికొచ్చి 1930 ఆగస్టు 4న న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒక పాత గ్యారేజీలో కింగ్ కలెన్ తెరిచాడు. ఆర్థిక మాంద్యం రోజులు, ఊరి నడిబొడ్డున కాకుండా అద్దె తక్కువ ఉన్న చోటు, కార్లు ఆపుకునే జాగా. ఈ మూడూ కలిసొచ్చాయి. చేతిబుట్ట నిండితే కొనడం ఆగిపోతుందని గమనించిన సిల్వన్ గోల్డ్‌మన్ 1937లో ఓక్లహామా సిటీలోని తన దుకాణాల్లో చక్రాల బండి పెట్టాడు. మొదట ఎవరూ ముట్టుకోకపోతే, మనుషులను కూలికి పెట్టి దుకాణంలో తోయించాడు.

కలెన్ పద్ధతిలో ఉన్న కిటుకు ఇప్పటికీ మారలేదు. గుమ్మం దగ్గర కనిపించే కొన్ని సరుకుల మీద దుకాణం పోగొట్టుకున్నది లోపలి అరల్లో రాబట్టుకుంటుంది. ‘డిస్కౌంట్’ బోర్డు ఉన్న చాలా పెద్ద దుకాణాలు ఈ కోవలోవే. ఇక్కడ చవక సరుకు మాత్రమే ఏరుకుని వెళ్లేవాడికి నిజంగా లాభం. బండి నింపుకుని వెళ్లేవాడు దుకాణం సగటు ధరనే చెల్లిస్తాడు.

రెండో దారి జర్మనీది, నా దృష్టిలో మరింత ఆసక్తికరమైనది. ఎసెన్ నగర శివారు షొన్నెబెక్‌లో ఆల్బ్రెక్ట్ కుటుంబానికి చిన్న కొట్టు ఉండేది. యుద్ధం ముగిశాక 1946లో కార్ల్, థియో అన్నదమ్ములు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. శాఖలు తెరవగలిగారు గానీ, అన్నిట్లో అన్ని రకాలూ నింపే పెట్టుబడి లేదు. అందుకే త్వరగా అమ్ముడయ్యే, పాడవని కొద్ది రకాలతో నెట్టుకొచ్చారు. రకాలు తక్కువున్నా ధర తక్కువైతే జనం వస్తారని తేలాక, తాత్కాలికమనుకున్నదే పద్ధతిగా మారింది. అప్పటి జర్మన్ చట్టం ప్రకారం కొనేవాళ్లకు ఇచ్చే రిబేటు 3 శాతం దాటకూడదు. మామూలు కొట్లు ఆ రిబేటుకు స్టాంపులిచ్చేవి. వాటిని పుస్తకంలో అంటించి, నిండాక తెచ్చిస్తే డబ్బు వచ్చేది. ఆల్బ్రెక్ట్‌లు స్టాంపుల బదులు ఆ మొత్తాన్ని ముందే ధరలోంచి తీసేశారు. 1961లో అన్నదమ్ములు వ్యాపారాన్ని ఉత్తరం, దక్షిణం అని పంచుకున్నారు. సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న తగవే కారణమంటారు. 1962 నుంచి ‘ఆల్బ్రెక్ట్ డిస్కౌంట్’ను కుదించిన ఆల్డీ పేరు వాడుకలోకి వచ్చింది.

పేరున్న బ్రాండ్ల చిల్లర ధరను తయారీదారే నిర్ణయించే హక్కు జర్మనీలో 1973 చివరి దాకా ఉంది. బ్రిటన్ దాన్ని 1964 చట్టంతో చాలావరకు ఎత్తేసింది. బ్రాండు సరుకును తగ్గించి అమ్మే వీలు లేనప్పుడు మిగిలిన దారి సొంత పేరుతో తయారు చేయించుకోవడమే. డిస్కౌంట్ దుకాణాల్లో సొంత లేబుళ్లు అంతగా నిండిపోవడానికి ఇదీ ఒక కారణం. ప్రకటన ఖర్చు, ప్రచార బృందం, ఊరూరా తిరిగే సేల్స్ ప్రతినిధి, ఇవేవీ ఆ డబ్బా ధరలో ఉండవు. చాలా సందర్భాల్లో పేరున్న బ్రాండును తయారుచేసే ఫ్యాక్టరీయే ఇవీ చేసిస్తుంది. అయితే పాళ్లు ఒకటే అనుకోకూడదు. లేబుల్ మీది పదార్థాల వరస చదివితేనే తేడా తెలుస్తుంది.

రకాల సంఖ్యే ఈ పద్ధతికి గుండెకాయ. పెద్ద సూపర్‌మార్కెట్‌లో 30,000 దాకా రకాలుంటే డిస్కౌంట్ దుకాణంలో 1,500 నుంచి 2,000. రెండిటి అమ్మకాలూ సమానమనుకుంటే డిస్కౌంట్ దుకాణంలో ఒక్కో రకం 15 నుంచి 20 రెట్లు ఎక్కువ కదులుతుంది. తయారీదారుతో బేరమాడే బలం అక్కడి నుంచే వస్తుంది. డబ్బు తిరిగే లెక్క కూడా ఉంది. తయారీదారుకు 30 రోజుల్లో చెల్లించాలనీ, సరుకు 10 రోజుల్లో అమ్ముడైపోతుందనీ అనుకుందాం. మిగతా 20 రోజులు ఆ డబ్బు వడ్డీ లేకుండా దుకాణం చేతిలో ఆడుతుంది. అదే సరుకు చిన్న కొట్టులో 45 రోజులు కూర్చుంటే కొట్టువాడు 15 రోజులు సొంత డబ్బు పెట్టాలి. అందుకే ఇద్దరూ ఒకే ధరకు కొన్నా ఒకే ధరకు అమ్మలేరు.

లోపల చూస్తే ప్రతి ఏర్పాటు వెనకా కూలి లెక్క ఉంటుంది. సరుకును ఒక్కొక్కటిగా అరలో పేర్చరు. అట్టపెట్టె ముందు భాగాన్ని చింపి పెట్టెతోనే పెడతారు, బాగా కదిలే సరుకును చెక్క ప్యాలెట్ మీదే నేల మీద నిలబెడతారు. బండికి నాణెం వేయాలి. అది తిరిగి రావాలంటే బండిని యథాస్థానంలో పెట్టాలి కాబట్టి, బండ్లు పోగుచేయడానికి మనిషి అక్కర్లేదు. క్యాషియర్ దాటాక బల్ల కావాలనే పొట్టిగా ఉంటుంది. సరుకును నేరుగా బండిలో వేసుకుని, సంచుల్లో సర్దుకోవడం గోడవారగా ఉన్న గట్టు మీద చేయాలి. ఇది తెలియనివారు క్యాషియర్ దగ్గరే సర్దడం మొదలుపెడితే వరస మొత్తం ఆగిపోతుంది. బార్‌కోడ్‌తో మొదటి సరుకు అమ్ముడైంది 1974 జూన్ 26న, ఒహాయోలోని ట్రాయ్‌లో. అది ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు. ఆల్డీ మాత్రం జర్మనీలో దాదాపు 2000 దాకా స్కానర్ల జోలికి పోలేదు. రకాలు తక్కువ కాబట్టి క్యాషియర్లు ధరలనో అంకెలనో కంఠస్థం చేసి వేగంగా నొక్కేసేవారు. స్కానర్లు వచ్చాక సొంత లేబుళ్ల మీద పెద్ద బార్‌కోడ్‌ను పలు వైపులా ముద్రించారు. డబ్బాను తిప్పి వెతకనక్కర్లేదు.

చిన్న కొట్ల వైపు నుంచి ప్రతిఘటన తక్కువేమీ లేదు. పెద్ద గొలుసు దుకాణాలకే తయారీదారులు ప్రత్యేక ధరలు ఇవ్వకూడదని అమెరికా 1936లో రాబిన్సన్–ప్యాట్‌మన్ చట్టం చేసింది. ఫ్రాన్స్ 1973లో పెద్ద దుకాణాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. అనుమతి అవసరమయ్యే హద్దు చిన్న ఊళ్లలో 1,000, పెద్ద ఊళ్లలో 1,500 చదరపు మీటర్లు. ఆపాలనుకున్నది హైపర్‌మార్కెట్లనే అతిపెద్ద దుకాణాలను, దారి దొరికింది హద్దుకు లోపలే ఇమిడిపోయే డిస్కౌంట్ దుకాణాలకు. 1996లో ఆ హద్దును 300కు దించాల్సి వచ్చింది. కొట్టువాళ్లకు ఎక్కువగా పనికొచ్చింది కలిసి కొనడమే. జర్మనీలో ఎడెకా, 1932లో నెదర్లాండ్స్‌లో పుట్టిన స్పార్ అలాంటివి. యాజమాన్యం ఎవరిది వారిదే, టోకు కొనుగోలు మాత్రం ఉమ్మడి. పెద్దదైనంత మాత్రాన ఎవరైనా నెగ్గుతారనీ లేదు. 1997లో జర్మనీలో అడుగుపెట్టిన అమెరికా దిగ్గజం వాల్‌మార్ట్ 2006లో తన దుకాణాలు అమ్మేసి వెళ్లిపోయింది.

ఇక పోల్చుకునే పని. మొత్తం బిల్లులను పక్కపక్కన పెడితే ఏమీ తేలదు, ఎందుకంటే రెండు బండ్లలో ఉన్నవి ఒకటి కావు. ఇంట్లో మళ్లీ మళ్లీ కొనే 15–20 సరుకుల జాబితా రాసి, ఒక్కోదాని ధరను కిలోకో లీటరుకో మార్చి చూడాలి. యూరప్‌లో 1998 నాటి ఆదేశం వల్ల ఈ యూనిట్ ధర అర మీదే ఉంటుంది. అది లేనిచోట ధరను గ్రాములతో భాగించి 1,000తో గుణిస్తే చాలు. నూనె దగ్గర చాలామంది పొరబడతారు: లీటరు వంటనూనె సుమారు 910–920 గ్రాములే తూగుతుంది. ఒకరి కిలో ధరను మరొకరి లీటరు ధరతో పోలిస్తే 8, 9 శాతం తేడా లెక్కలోనే మాయమవుతుంది. నీళ్లలో ఉన్న డబ్బా సరుకుకు వడకట్టిన బరువు చూడాలి. బట్టల పొడికి కిలో ధర కంటే ఒక్కో ఉతుకుకు ఎంత పడుతుందన్నదే సరైన కొలత.

పెద్ద ప్యాకెట్టు యూనిట్ ధర 20 శాతం తక్కువైతే, అందులో ఐదో వంతు పాడైన క్షణాన లాభం సున్నా. అంతకంటే పారేస్తే నష్టమే. త్వరగా పాడయ్యేవి, కొద్దిగా మాత్రమే కావలసినవి చిన్న కొట్టులో విడిగా కొనడం ఇందుకే లాభం, కిలో ధర ఎక్కువైనా సరే. జాబితాలో లేనివి ఎన్ని బండిలోకి వచ్చాయో బిల్లు మీద టిక్కు పెట్టి చూడాలి. డిస్కౌంట్ దుకాణం నడుమ అరల్లో వారానికోసారి మారే బట్టలు, పనిముట్లు ఉండేది ఆ అదనపు కొనుగోలు కోసమే, అవి అయిపోతే మళ్లీ రావన్న తొందర కూడా దానికి తోడవుతుంది. కావలసినవాటిలో నాలుగైదు అక్కడ దొరకక రెండో దుకాణానికి వెళ్లాల్సి వస్తే, ఆ ప్రయాణ ఖర్చును మిగిలిన దాంట్లోంచి తీసేయాలి. నెలాఖరులో ఖాతా అవసరమయ్యే ఇంటికైతే లెక్క మరోలా ఉంటుంది: కొట్టువాడు వేసే అదనపు శాతాన్ని బయట అప్పుకు కట్టే వడ్డీతో పోల్చాలి, సూపర్‌మార్కెట్ ధరతో కాదు.